చింతపండు గది

పోయిన ఆదివారం తిరుమలగిరిలో బంధువుల పెళ్ళికి బయలుదేరుతుంటే, కారులో మా కోడలు నీళ్ళ సీసా నా చేతికిచ్చి, "అత్తమ్మా, ఎండ మస్తుగున్నది, జెర తాగుండ్రి" అంది. "దూప లేదు బిడ్డా, వద్దు" అని సీసా పక్కన పెట్టేశాను. మా పద్మారావు నగర్ సందు మలుపు తిరిగాక గాని నాకు తట్టలేదు, ఆ మాట మా వారి నాయనమ్మదని. అదే గొంతు, అదే చెయ్యి ఊపడం. నా ఈడు వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఇంటి పెద్దల మాట తమ నోటనే విని ఉలిక్కిపడే ఉంటారు గనుక, ఆమె సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది.

నేను కొత్త కోడలిగా రెజిమెంటల్ బజార్‌లోని ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి, కింద మా మామగారి కిరాణా దుకాణం, దాని వెనక సరుకు దాచే గది, ఆ వెనక పెరడు ఉండేవి, పైన రేకుల కప్పు కింద మేమందరం కాపురం ఉండేవాళ్ళం. ఇంటిల్లిపాదీ బాపమ్మ అని పిలిచే మా వారి నాయనమ్మ మంచం కూడా ఆ రేకుల కిందే. చిన్న వయసులో భర్త పోతే, కొంగు తల మీదికి లాక్కుని గల్లాపెట్టె ముందు కూర్చుని, దుకాణం నడిపి పిల్లల్ని పైకి తెచ్చిన మనిషి ఆమె. నేను వచ్చేసరికి మోకాళ్ళు పట్టేసి మంచం దిగడమే గగనమైపోయింది. ఆమె పనులన్నీ కొత్త కోడలినని నాకు అప్పగించారు, నేనూ సంతోషంగానే ఒప్పుకున్నాను, ఎందుకంటే వంటింటి పొగ కంటే ఆమె కబుర్లు వెయ్యి రెట్లు నయం.

ఎండాకాలం వచ్చిందంటే బాపమ్మకు భక్తి పెరిగేది. సోమవారమనీ శనివారమనీ ఏకాదశి అనీ, ఏదీ లేకపోతే ఏదో పాత మొక్కు అనీ, పొద్దున పూజయ్యాక ఒక గ్లాసు నీళ్ళు తాగితే మళ్ళీ దీపాలు పెట్టే వేళ దాకా చుక్క ముట్టేది కాదు. మా బజారులోని ఆడవాళ్ళు వచ్చి ఆమె కాళ్ళకు దండం పెట్టుకుని పోయేవారు, మా అత్తగారు ఆ నిష్ఠ గురించి వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేది. కాని నా పెళ్ళికి ముందటి వేసవిలోనే ఆమె మంచం మీద సొమ్మసిల్లి పడిపోతే, డాక్టరు వచ్చి సెలైన్ ఎక్కించి, ఇంకోసారి ఇలా ఒళ్ళు ఎండిపోతే మనిషి దక్కదని చెప్పిపోయాడట. అయినా దేవుడి పేరు చెప్పాక ఎదురు మాట్లాడేదెవరు? నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని మంచం చుట్టూ తిరిగేదాన్ని, ఆమె దూప లేదని చెయ్యి ఊపేది.

నేను కాపురానికి వచ్చాక తొలి వేసవి మొదట్లోనే, తిరుమలగిరిలో తన కూతురింట్లో కొన్నాళ్ళు ఉండి వద్దామని బాపమ్మ బయలుదేరితే, తోడుగా నన్ను పంపించారు. అది మెట్లు లేని ఇల్లు, ఆమె పడుకునే గదిని ఆనుకునే స్నానాల గది. అక్కడికి వెళ్ళిన మర్నాడు ఏకాదశి. మా బాపమ్మ ఆ రోజు సబ్జా గింజల షర్బతు తాగింది, కర్బూజా ముక్కలు తిన్నది, మధ్యాహ్నం రంజన్ కుండలోని చల్లటి నీళ్ళు అడిగి మరీ తాగింది, గోడ పట్టుకుని ఎవరి సాయమూ లేకుండా తిరిగింది. నేను నోరు తెరుచుకుని చూశాను. తిరిగి వచ్చే రోజున రిక్షా మా బజారు మలుపు తిరిగిందో లేదో, చేతిలోని నీళ్ళ సీసా నాకిచ్చేసి, "రేపటి సంది ఉపాసముంట బిడ్డా" అంది.

అప్పుడు అర్థమైంది నాకు. మా మరుగుదొడ్డి పెరట్లో ఉండేది. అక్కడికి పోవాలంటే నిటారు మెట్ల మీంచి ఎవరో ఒకరు ఆమె రెక్క పట్టుకుని దింపాలి, దుకాణంలో నిలబడ్డ మగవాళ్ళంతా పక్కకు జరిగి దారివ్వాలి, మళ్ళీ అలాగే ఎక్కించాలి. ఏ గల్లా ముందు కూర్చుని బజారునంతా శాసించిందో, ఆ గల్లా ముందు నుంచే పూటకు రెండుసార్లు అలా పోవడం ఆమె వల్ల కాలేదు. ప్రాణం పోయినా సరేగాని ఆ మాట నోట రానివ్వదు. నేను బయట పెడితే ఆ వయసులో తల ఎక్కడ పెట్టుకుంటుంది?

ఇంట్లో అన్నిటికంటే చల్లని గది కింద సరుకు గదే. మందపాటి రాతి గోడలు, షాబాద్ బండల నేల, తలుపు తీస్తే పెరడు. అందులో చింతపండు బుట్టలు హాయిగా పడుకుని ఉండేవి. బాపమ్మను అక్కడ పడుకోబెడదామని నేను అంటే మా అత్తగారు, పెద్దావిడను సరుకు గదిలో వేశారని నలుగురూ నవ్వుతారంది, మా మామగారు "పైన పెడితె చింతపండు కరిగిపోతది" అన్నారు. కోడళ్ళు మామగార్లతో తలుపు చాటు నుంచే మాట్లాడే రోజులవి. నేను తలుపు దాటి వచ్చి, "చింతపండు కరిగిపోతె మళ్ల తెచ్చుకుంటం మామయ్యా" అని ఊరుకున్నాను. ఆయన నా వంక చూసి, తల దించుకుని దుకాణంలోకి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే బుట్టలన్నీ మెట్లెక్కాయి.

ఇక మిగిలింది బాపమ్మ. పైన దేవుళ్ళున్నారు, వాళ్ళను విడిచి ఎలా వస్తానంటుందని నాకు ముందే తెలుసు. అందుకని ఆమె పైనే తడిక చాటున స్నానం చేసి వచ్చేలోగా పటాలు, దీపపు కుందులు, గంట అన్నీ కింది గదిలో సర్దేశాను. ఖాళీ గూడు చూసి, "దేవుండ్లేరే?" అంది. "వాళ్ళకు ఉడక పోస్తున్నదట బాపమ్మా, కిందికి దిగిన్రు" అన్నాను. "మాయదానివే నువ్వు" అంటూ నా భుజం పట్టుకుని ఆ మెట్లు దిగింది.

అది శనివారం. మధ్యాహ్నం నేను ఆమె మంచం పక్కన చాప మీద నడుం వాల్చాను. పెరటి తలుపులోంచి గాలి వస్తోంది. కళ్ళు మూసుకునే ఆమె, "బిడ్డా, జెర మంచినీళ్ళియ్యి" అంది. నేను లేచి రంజన్‌లో గ్లాసు ముంచి ఇచ్చాను, గడగడా తాగేసి ఇంకో గ్లాసు అడిగింది. ఉపవాసం గురించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఖాళీ గ్లాసు అందుకునేటప్పుడు మాత్రం నా చెయ్యి కాసేపు వదల్లేదు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చాటు చేసుకోవడానికి రంజన్ మూత సర్దుతూ నిలబడ్డాను.

ఆ ఏడు చింతపండు నిజంగానే కరిగి నల్లబడింది, ఇంటి నిండా చీమలు, మా మామగారి సణుగుడు వానలు పడే దాకా ఆగలేదు. కాని మళ్ళీ వేసవికి ఎవరూ అడక్కుండానే బుట్టల్ని ఆయనే పైకి పంపించారు. బాపమ్మ ఆ గదిలో చాలా వేసవులు చల్లగా వెళ్ళదీసింది. పెద్దవాళ్ళను చూసుకోవడం ఎలాగని ఇప్పుడెవరైనా అడిగితే నేను తడుముకోకుండా చెప్తాను, మందుల కంటే ముందు వాళ్ళ మంచం ఎక్కడుందో చూడమని.

ఆదివారం కారులో ఇదంతా గుర్తొచ్చి, కోడలితో ఉన్నమాట చెప్పేశాను. "దూప అయితున్నది బిడ్డా, ఆ ఫంక్షన్ హాల్ల బాత్రూం పై అంతస్తుల ఉంటే ఎట్లనని తాగలే." ఆ పిల్ల వెంటనే పెళ్ళివారికి ఫోన్ చేసి కనుక్కుని, "కిందనే ఉన్నదట అత్తమ్మా" అని సీసా మూత తీసి ఇచ్చింది. ఎంత తేలికగా తేలిపోయింది! ఈ కాలంలో అడుగుతారు, చెబుతారు, అందులో సిగ్గేమీ లేదు. మంచిదే, బాపమ్మకు అంత సులువు దొరికి ఉంటే అన్ని ఉపవాసాలు చేసేది కాదు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, షాబాద్ బండలు ఎటుపోయాయో తెలియదు. అయినా నీళ్ళు తాగుతూ తాగుతూ ఆమె చెయ్యి గుర్తొచ్చింది. ఒకరి దాహం ఒకరికి చెప్పకుండానే తెలిసిన ఆ మధ్యాహ్నం ఒక్కటి మళ్ళీ వస్తే బాగుండుననిపించింది.