మిర్చి గిర్నిలో నేను రాసిన కారణం

గత వారం మా ఫ్యాక్టరీలో జరిగిన ఒక ప్రమాదం తాలూకు నివేదిక సంతకం కోసం నా బల్ల మీదికి వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఒకతని గ్లౌజు చిరిగిందంతే. కారణం అని ఉన్న గడిలో ‘ఆపరేటర్ అజాగ్రత్త’ అని రెండే మాటలు రాసి ఉన్నాయి. పన్నెండేళ్ళ కిందట సరిగ్గా అవే మాటలు నా చేత్తో నేను రాశాను కనుక కలం తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. మీలో నాలాగే డిప్లొమా పాసై, జేబులో టెస్టర్ గుచ్చుకుని మొదటి ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళుంటే, ఆ వయసులో మనకు ఎంత తెలుసనిపించేదో మీకూ గుర్తుండే ఉంటుంది.

నన్ను నా మొదటి ఉద్యోగంలో పెట్టించింది మా మేనమామ. కార్వాన్‌లో ఒక ఇరుకు గల్లీ చివర, బేగంబజార్ దుకాణాలకు కారం, పసుపు పట్టి పంపే గిర్ని అది. మామ అక్కడ ఇరవై ఏళ్ళుగా యంత్రాలు నడిపేవాడు. మా చిన్నమ్మ, అంటే మామకు సొంత చెల్లెలు, ఆమె భర్త కూడా అక్కడే మిరపకాయల బస్తాలు విప్పి యంత్రంలో పోసేవాడు. ఆయన్ని మేము చిన్నబాపు అనేవాళ్ళం. మిర్చి పట్టే రోజుల్లో లోపల గోడలూ స్తంభాలూ మనుషుల కనుబొమ్మలూ అన్నీ ఎర్రగానే ఉండేవి, ముక్కుకు రుమాలు కట్టుకుని, గొంతు గీరుకుపోకుండా బుగ్గన ఇంత బెల్లం ముక్క పెట్టుకుని, కళ్ళు సగం మూసుకునే పని చేసేవాళ్ళు. సాయంత్రం మేం ముగ్గురం బస్సెక్కితే చుట్టూ జనం తుమ్ముతూ జరిగిపోయేవారు, మాకు ఎప్పుడూ సీటు దొరికేది, మామ దాన్ని మా గిర్నివాళ్ళ రిజర్వేషన్ అని నవ్వేవాడు.

నేను చేరిన వారానికే గిర్ని యజమాని సేటుకు, మార్చాల్సినవంటూ పదకొండు అంశాల జాబితా ఒకటి రాసిచ్చాను. గిర్నిలో మూడు మోటార్లుండేవి: కాయల్ని లోపలికి నెట్టే మరకు ఒకటి, పొడి చేసే గ్రైండర్‌కు ఒకటి, జల్లెడకు ఒకటి. దేని స్విచ్చు దాని పక్కనున్న స్తంభానికే ఉండేది, ఒకటి పాత పిడి, ఒకటి గుండ్రటిది, ఒకటి డబ్బాలాంటిది, ఏ రెండూ ఒక్కలా ఉండేవి కావు. మర స్విచ్చు పిడికి ఒక ఆకుపచ్చ గుడ్డ పేలిక చుట్టి, మూడు ముళ్ళు వేసి ఉండేది. మా గల్లీల్లో మొహర్రం వచ్చిందంటే కులం మతం చూడకుండా అందరూ పీర్లకు దట్టీలు, అంటే మొక్కుబడి గుడ్డలు, కడతారు, అలా మొక్కుకున్న దట్టీయే ఇక్కడా కట్టి ఉంటారనుకున్నాను. నమ్మకం సంగతి కదా, అడిగితే బాగుండదని అడగలేదు. ఇప్పటికీ నన్ను తొలిచేది ఆ మర్యాదే.

సేటు ఒప్పుకున్నాడు. ఒక ఆదివారం గిర్ని మూసి ఉండగా నేనూ ఒక ఎలక్ట్రీషియనూ కూర్చుని మూడు స్విచ్చులూ పీకి, దుమ్ము తగలకూడదని వాకిలి పక్క గోడకు ఒకే ప్యానెల్‌లో బిగించాం. నడపడానికి పైన మూడు పచ్చ బటన్లు, ఆపడానికి కింద మూడు ఎర్ర బటన్లు, అన్నీ ఒకే సైజు, ఒకే దూరం, ప్రతి దాని కిందా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పేరు. స్కేలు పెట్టి కొలుచుకుని మరీ రాయించాను. ఆ గుడ్డను పారెయ్యకుండా విప్పి, దేవుడి పటం కింద మేకుకు తగిలించాను. సోమవారం పొద్దున మామ వచ్చి ప్యానెల్ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

“మస్తుగున్నది అల్లుడా. నా చెయ్యికే ఇగ కండ్లు మొలవాలె,” అన్నాడు.

మెచ్చుకున్నాడనుకుని నవ్వాను.

నాలుగో రోజు మధ్యాహ్నం మిర్చి బాగా ఎండి ఉంది, దుమ్ము మామూలు కంటే దట్టంగా లేచింది. చిన్నబాపు భుజం మీది తువ్వాల మరలో చిక్కుకుంది, దాన్ని లాక్కోబోయిన చెయ్యి కూడా వెళ్ళింది. ఆయన అరుపుకు మామ తిరిగి, ఇరవై ఏళ్ళుగా స్విచ్చు ఉన్న స్తంభం మీద అరచేత్తో కొట్టాడు. అక్కడేమీ లేదు. గోడ దగ్గరికి పరుగెత్తాడు. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, నాలుగు రోజుల కారం పేరుకుని అక్షరాలూ ఎర్ర బటన్లూ గోడా అన్నీ ఒకే ఎరుపులో కలిసిపోయాయి. ఒకటి నొక్కాడు, జల్లెడ ఆగింది. ఇంకొకటి నొక్కాడు, గ్రైండర్ ఆగింది. మూడోదానికి మర ఆగింది. అప్పటికే చిన్నబాపు కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. నేను ఆ వేళ బయట, శుభ్రమైన గాలిలో, రిజిస్టర్‌లో గీతలు కొడుతున్నాను.

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వాల్సిన నివేదిక సేటు నన్నే రాయమన్నాడు. నేను చక్కగా అంకెలు వేసి రాశాను. ఒకటి, భుజాన వదులు తువ్వాల. రెండు, ఆపరేటర్ అజాగ్రత్త, తప్పు బటన్ నొక్కడం. ప్యానెల్ నాలుగు రోజుల కిందట మార్చిన సంగతి ఏ అంకె కిందా రాయలేదు. మరిచిపోలేదు, రాస్తే ఏమవుతుందో తెలిసే రాయలేదు. మామకు చదివి వినిపించాను. మధ్యలో ఆపుతాడేమో, ఆపితే బాగుండునేమో అని రెండో అంకె దగ్గర నా గొంతు తగ్గింది. ఆయన ఆపలేదు.

“నొక్కింది నేనే గద. గట్లనే రాయి,” అని సంతకం పెట్టాడు.

ఆ తర్వాత మామ గిర్నికి రాలేదు. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూల మూటలు మోసే పనికి కుదిరాడు. ఇంట్లో ఫ్యాను వెయ్యాలన్నా అత్తమ్మను పిలిచేవాడు. చిన్నమ్మ అన్నను తిట్టిపోసి మాట మానేసింది, ఆయన ఉన్న పెళ్ళికి పోదు, పోయినా ఆయన వైపు చూడదు. నాకు మాత్రం సేటు, స్విచ్చులన్నీ కొత్త పద్ధతిలో అమర్చానని మెచ్చుకుంటూ ఉత్తరం రాసిచ్చాడు, ఆ ఉత్తరం చూపించే ఇప్పటి ఉద్యోగంలోకి వచ్చాను.

రెండేళ్ళ తర్వాత భద్రత కోర్సులో చేరినప్పుడు, హడావిడిలో వెతుక్కోవాల్సిన స్విచ్చును కంటికే వదిలెయ్యకూడదనీ, చెయ్యి తడిమితే తెలిసేలా చెయ్యాలనీ, అది ఆపే యంత్రం పక్కనే ఉండాలనీ, అన్నిటికంటే ముందు అక్కడ పనిచేసే మనిషిని అడగాలనీ మాస్టారు చెప్తుంటే నా నోట్సు రాయడం ఆగిపోయింది. ఆ ఆదివారమే చిన్నబాపు దగ్గరికి వెళ్ళి ఆ దట్టీ ఎవరు మొక్కుకున్నదని అడిగాను.

“దట్టీ ఏంది బిడ్డా, గది మీ మామ పాత లుంగి పేలిక. కండ్లు మండినప్పుడు చెయ్యికి దొర్కాలెనని కట్టిండు,” అన్నాడాయన, మామూలుగా, ఎడమచేత్తో నాకు చాయ్ అందిస్తూ. నేను చాయ్ తాగి వచ్చేశాను. ఆ రోజే చెప్పాల్సింది. చెప్పకుండా ఇంకో పదేళ్ళు గడిపాను, ఆ పదేళ్ళలో ఎన్నో ఫ్యాక్టరీల కొత్త ఉద్యోగులకు ఇదే పాఠం చెప్పాను, గిర్ని పేరు ఎత్తకుండా.

గత వారం ఆ నివేదిక చూశాక ఇక ఆగలేక, మొన్న ఆదివారం పొద్దున గుడిమల్కాపూర్ వెళ్ళాను. మామ బంతిపూల మూటల మధ్య కూర్చుని గోనెసంచి కుడుతున్నాడు. జాబితా లేకుండా, వరుస తప్పుతూ, అంతా చెప్పాను. ఆయన కుట్టడం ఆపలేదు. నేను ముగించాక దారం పళ్ళతో తెంపి అడిగాడు.

“ఇప్పుడు గా కాయితంల నా పేరు తీస్తరా అల్లుడా?”

గిర్ని మూతపడి ఏడేళ్ళయింది, సేటు లేడు, ఆ కాగితం ఏ బీరువాలో చెదలు పట్టిందో ఎవరికీ తెలియదు. ఆ మాటే చెప్పాను.

“అయితే మీ చిన్నమ్మకు చెప్పు. ఆమె వింటె సాలు నాకు.”

అక్కడి నుంచే నేరుగా వెళ్ళి చెప్పాను. చిన్నబాపు తల వంచుకుని విన్నాడు. చిన్నమ్మ బియ్యం చేట పక్కన పెట్టి, నా మొహం వైపే చూస్తూ విన్నది.

“మా అన్నను పన్నెండేండ్లు నాతోని తిట్టిపిచ్చినవ్ గద కొడుకా,” అన్నది. అంతే. కొంగు సర్దుకుని, చెప్పులేసుకుని, ఆటో కోసం గల్లీ చివరికి నడిచింది. నన్ను రమ్మనలేదు.

ఇప్పుడు కారం పట్టే యంత్రాలు పూర్తిగా మూసి ఉంటున్నాయి, దుమ్ము బయటికి రాదు, ఆపడానికి పుట్టగొడుగంత బటన్ చేతికందే చోట ఉంటుంది. ఆ గల్లీలో ఇప్పుడు ఎవరూ తుమ్మరు, గిర్ని ఉన్నచోట ప్లాస్టిక్ బకెట్ల గోదాము వచ్చింది. ఇవన్నీ మంచి మార్పులే, కొన్నిటి కోసం నేనూ పని చేశాను. కానీ చిన్నమ్మ ఆటోలో వెళ్ళిన మామ ఇంటి గడపలో, ఆమె మాట మానేసిన రోజు నాటి గట్టి అన్న లేడు, ఆమెను చూసి లేవడానికి గోడ పట్టుకోవాల్సిన ముసలాయన ఉన్నాడు. ఆ ఇద్దరి మధ్య గడిచిన పన్నెండేళ్ళూ నేను తీసుకున్నవి.