వలకు వాటా ఉంది, అమ్మకు లేదు

మా చిన్నప్పుడు... శనివారం మధ్యాహ్నం పలకలు పక్కన పెట్టించి, మాస్టారు మమ్మల్ని కొల్లేటి ఒడ్డున కూర్చోబెట్టేవారు. దొరల కాలం, ముప్పైల నాటి మాట. మాది లంక గ్రామం, చుట్టూ నీళ్ళే. ఆయన ఏలూరు నుంచి పడవలో వచ్చారు. బడి మా పెదనాన్న వలల పాకలో నడిచేది.

"నీళ్ళలో మబ్బు కనిపిస్తోందిగా... అది ఉన్నట్టా, లేనట్టా?" అనేవారు. మరో వారం, "వేసవిలో ఎండిపోయి మళ్ళీ నిండిందే... ఇది ఆ కొల్లేరేనా?" జవాబు ఆయన చెప్పేవారు కాదు, ఇంటికెళ్ళి పెద్దవాళ్ళని అడగమనేవారు. నాకు శనివారమంటే ప్రాణం.

ఒకసారి, "న్యాయం అంటే ఏంటి? ఎవరు పెట్టారు?" అన్నారు.

మర్నాడు ఒడ్డున చేపలు కుప్పలు పోస్తున్నారు. మా ఊరి పద్ధతి... వేటకెళ్ళిన మగవాళ్ళకు తలా ఒక కుప్ప, దోనెకు ఒకటి, వలకు ఒకటి. దోనె, వల రెండూ పెదనాన్నవే. ఆ వల అల్లింది మాత్రం మా అమ్మ. నాన్న పోయాక అదే మా బతుకు. ఆమెకు చివర్లో మిగిలిన చిన్న చేపలు కాసిని గంపలో పడేసేవారు.

"పెదనాన్నా, వలకి కుప్పుంది గదా... అల్లినమ్మకి ఏది?" అన్నాను.

ఆయన కోప్పడలేదు, నవ్వాడు. "మాస్టారు బాగానే చెప్తన్నారే మీకు!" అన్నాడు. ఆ నవ్వు చూసి అమ్మ గంప ఎత్తుకుని, నన్ను గబగబా ఇంటికి లాక్కుపోయింది.

సోమవారం పెదనాన్నే బడికొచ్చాడు. ఎంత మర్యాదో! "మా పిల్లలకి అచ్చరాలూ ఎక్కాలూ చాలండీ... ఆడపిల్లకి అయ్యి మాత్రం ఎందుకండీ? పాక మాదేనండీ, ఆపైన మీ ఇష్టం." మాకు ప్రశ్నలు నేర్పిన మాస్టారు తల దించుకుని "అలాగేనండీ" అన్నారు. ఎందుకని ఒక్క మాట అడగలేదు.

అమ్మతో ఇంకా మెత్తగా చెప్పాడు. "పిల్ల బడికెళ్తే వలల పని ఇంకోళ్ళకిస్తానమ్మా." అమ్మ నా పలక చూరులో దోపి, చేతిలో దారపు ఉండ పెట్టింది. పాక బయట కూర్చుని అల్లుతూ, లోపల పిల్లలు చదివే ఎక్కాలు వినేదాన్ని... శనివారం కూడా ఎక్కాలే.

పెదనాన్న మీద కోపం ఎప్పుడో పోయింది. మాస్టారి మీద తొంభై దాటిన ఈ వయసులోనూ పోలేదు.

నేను చెబుతుంటే మనవరాలు ఇది ఫోన్‌లో కొడుతోంది. ఇప్పుడు వలలు మెషిన్లు అల్లుతున్నాయట... మెషిన్ పెట్టినవాడికి వాటా కూడా ఉందట!

మీ ఇంట్లో మిమ్మల్ని అడగనివ్వని ప్రశ్న ఏదో కింద రాయండి. నాది అప్పుడూ ఇప్పుడూ ఒకటే... అల్లినమ్మకి ఏది?