నేను నేసిన సీటు బెల్టు

మొన్న మా అల్లుడు కొత్త కారులో నన్ను హిందూపురం తీసుకుపోతూ, బెల్టు పెట్టుకోమని కారు చేసే గోల పడలేక, బెల్టు లేని ఉత్త బిళ్లనొకదాన్ని తెచ్చి బెల్టు దిగే గాడిలో గుచ్చి, ఇక కారు నోరు మూతపడిందని నవ్వాడు. పక్కనున్నవాణ్ణి కాబట్టి నేనూ నవ్వాను. పెద్దవాణ్ణి, ఒక మాట చెప్పి ఉండవలసింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నతనంలో కార్లకు బెల్టన్న ఊసే లేదు. ధర్మవరంలో పెళ్లికి పోతే ఒక్క కారులో పదిమందిమి ఎక్కేవాళ్లం, డ్రైవరు సగం సీటులో ఒదిగి కూర్చుని, తలుపు మీద మోచెయ్యి ఆనించి నడిపేవాడు. తర్వాత బెల్టులున్న కార్లు వచ్చాయిగాని, అవి పక్కన వేలాడుతూ దుమ్ము పట్టేవి. ఆ తర్వాత, డ్రైవరు బెల్టు పెట్టుకుని తీరాలన్న చట్టం ఢిల్లీలో పుట్టి మా పెనుకొండ కూడలి దాకా రావడానికి ఎన్నేళ్లు పట్టిందో తెలియదు. వచ్చాక మాత్రం పోలీసులు ఎండలో నిలబడి ప్రతి అద్దంలోకీ తొంగి చూసేవారు. అది మన ప్రాణం కోసమని మాలో ఒక్కరికీ తోచలేదు, పోలీసుల కోసమే అనుకున్నాం.

నా భార్య తమ్ముడు బాడుగ కారు నడిపేవాడు. నేను నేసిన పట్టుచీరలను వారానికోసారి హిందూపురం అంగళ్లకు అతని కారులోనే తీసుకుపోయేవాణ్ణి. భారీ మనిషి, బెల్టంటే చచ్చేంత చిరాకు. కట్టుకోకుండా ఊరికే మీద వేసుకుందామంటే అది స్ప్రింగుతో వెనక్కి లాక్కుపోయేది.

ఒకరోజు నేను మగ్గంలో ఉండగా వచ్చి గడప మీద కూర్చుని, "కట్టేసినట్లుండాది బావా, ఊపిరాడదు. పోలీసోళ్లు చూసేకి ఉంటే సాలు. నీ మగ్గం మీద ఒగటి నేసిస్తివంటే అయిపాయ" అన్నాడు.

నేను కాదనలేదు సరికదా, ఉత్సాహపడ్డాను. ఆ మాట ఒప్పుకోవాలి. చీర నేసి నేసి విసుగెత్తిన చేతికి అదొక సరదా. అసలు బెల్టును కారులోంచి లాగి పట్టుకుని, వెడల్పు వేళ్లతో కొలుచుకుని, దాని మీదుండే సన్నటి నిలువు గీతలతో సహా, నల్ల దారంతో, పోగుకూ పోగుకూ సందు లేకుండా గట్టిగా దిగ్గొట్టి నేశాను. ఒక కొస పైనున్న కొక్కేనికి తగిలించి, రెండో కొస తొడ కింద పెట్టుకుంటే సరిపోయేది. పెనుకొండలో పోలీసు చూసి "పోప్పా" అని చెయ్యి ఊపినప్పుడు, నా చీర ఏ పెళ్లిలో మెచ్చుకున్నా కలగనంత గర్వం కలిగింది నాకు. విన్న డ్రైవర్లు తమకూ కావాలన్నారు. మరో ముగ్గురికి నేసిచ్చాను.

నా వైపున్న బెల్టు మాత్రం అసలుదే. బయలుదేరిన ప్రతిసారీ నా బావమరిదే వంగి దాన్ని నాకు బిగించేవాడు. "నువ్వు పెట్టుకో బావా, నీకేమన్నా అయితే మా అక్క నన్ను ఇంట్లోకి రానీదు" అని ఆటపట్టించేవాడు.

ఒకవారం అలాగే చీరలతో పోతుంటే, పెనుకొండ దాటిన కొంతసేపటికి, పట్టపగలు, ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. అతను పక్కకు తిప్పాడు. కారు, రోడ్డు కింద వాననీళ్లు పోయే మోరీ గోడకు కొట్టుకుంది. నన్ను బెల్టు పట్టి ఆపింది, రొమ్ము మీద అడ్డంగా ఒక కమిలిన గీత తప్ప నాకేమీ కాలేదు. అతను ముందు అద్దంలోంచి ఎగిరి రోడ్డు మీద పడ్డాడు, మళ్లీ లేవలేదు. తర్వాత నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. దిగి, వెనక సీటులోని చీరల మూట విప్పి, గాజుపెంకులు పడ్డాయేమోనని ఒక్కొక్క మడతా దులిపాను. ఎవరో వచ్చి నా చెయ్యి పట్టుకుని అతను పడి ఉన్న వైపు తిప్పేదాకా దులుపుతూనే ఉన్నాను. ఏడుపు రాలేదు. ఆ రోజూ రాలేదు, దినాలనాడూ రాలేదు, ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు.

పదో రోజు కర్మ అయ్యాక ఆ ముగ్గురు డ్రైవర్ల దగ్గరికీ పోయి నేను నేసినవి తిరిగి అడిగాను. ఇద్దరు ఇచ్చారు. మూడో అతను, "నాకేమైతాదిలేప్పా" అన్నాడు. నాకు బతిమాలే ఓపిక లేకపోయింది.

ఇంట్లో ఆ ఊసు ఎవరమూ ఎత్తలేదు. తమ్ముడు ఎందుకు పోయాడని నా భార్య నన్నెప్పుడూ అడగలేదు. నేయడం నా పని, దారం చుట్టడం ఆమె పని. ఆ బెల్టుకు కావలసిన నల్లదారమంతా, తమ్ముడి ముచ్చటకు నవ్వుకుంటూ చుట్టిపెట్టింది ఆమే. నేను ఆమెను అనలేను, ఆమె నన్ను అనలేదు. హిందూపురం బస్సులో పోయినప్పుడల్లా ఆ మోరీ రాబోతుంటే మాత్రం, "ఆడేనా?" అని మెల్లగా అడిగేది. నేను ఊకొట్టేవాణ్ణి. ఇద్దరం అది దాటేదాకా తల దించుకుని కూర్చునేవాళ్లం.

తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. మోరీ పోయింది, పక్కనున్న వేపచెట్లు పోయాయి, ఇప్పుడు బండ్లు ఆ మేరంతా రెప్పపాటులో దాటిపోతున్నాయి. మంచిదే, రోడ్డు బాగుంది. కానీ మొదటిసారి ఆ కొత్త రోడ్డు మీద పోతూ ఆమె "ఆడేనా?" అని అడిగితే, కిటికీలోంచి ఎంత చూసినా నాకు ఆనవాలు దొరకలేదు. తెలియదన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. మా ఇద్దరికీ కలిసి తల దించుకోవడానికి ఒక్క చోటుండేది, ఇప్పుడదీ లేదు.