అత్త కాళ్ళు చూసిన మనిషి

గాజువాకలో ఉండే మా మేనత్త మొన్న సోమవారం పోయింది. వాకిట్లో కుర్చీలో కూర్చుని, బస్సుకి టైమవుతోందని నన్ను తొందరపెడుతూనే తల వాల్చేసింది. ఆ రోజు ఆమెకి ఆస్పత్రిలో గుండె ఓపీ.

స్టీలు ప్లాంటు కోసం చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయిస్తున్న రోజుల్లో, గుండె నీరసించి ఒంటికి నీరు పట్టడంతో అత్త మొదటిసారి ఆస్పత్రిలో చేరింది. పక్క మంచం మీద యారాడ నుంచి వచ్చిన చేపలమ్మే ఆవిడ. ఇద్దరిదీ ఒకటే జబ్బు. కాలు నొక్కితే గుంట పడి నిలిచిపోతే నీరు ఇంకా ఉన్నట్టని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి ఒకరి కాళ్ళు ఒకరు బొటనవేలితో నొక్కి చూసుకునేవారు. ఇద్దర్నీ ఒకే రోజు ఇంటికి పంపారు. ఓపీకి కలిసే వెళ్దామనుకున్నారు.

ఇంటికొచ్చాక అత్తకి ఆయాసం తగ్గింది. "బాగున్నదాన్ని మల్లీ ఆస్పత్రికేటే? సూసినోలు నవ్వుతారు" అని ఓపీకి రానంది. మాటిమాటికీ దొడ్లోకి వెళ్ళలేక నీరు తగ్గే మాత్ర కూడా మానేసింది. తల్లిలేని నన్ను పెంచి చదివించిన మనిషి. ఆమె మాటకి ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం నేను కుళాయి నుంచి బిందెతో వచ్చేసరికి అత్త గుమ్మంలో కాళ్ళు చాపుకుని ఉంది.

"యారాడ ఆవిడొచ్చి ఎల్లింది. కాళ్ళు నొక్కి సూసి, ఇంకా ఇంటికాడ కూకున్నావేటి, లెగు అన్నాది."

వీధి చివరిదాకా చూశాను. ఎవరూ లేరు. తిరిగొచ్చి చూస్తే అత్త కాళ్ళ మీద బొటనవేలి గుంటలు. నా కళ్ళముందే మెల్లగా పూడుతున్నాయి.

వెంటనే ఆటోలో తీసుకెళ్ళాను. "ఇంకా ఆలస్యం చేస్తే ఊపిరాడేది కాదమ్మా" అని డాక్టరు మళ్ళీ చేర్చుకున్నాడు. యారాడ ఆవిడ కూడా వచ్చిందా అని సిస్టరుని అడిగాను.

"ఆవిడ పోయింది కదమ్మా. ఇంటికెళ్ళిన వారంలోనే. మందులు మానేసిందని కొడుకొచ్చి చెప్పాడు."

ఆ సంగతి అత్తకి చెప్పడానికి చాలా రోజులు వెనకాడాను. చివరికి చెప్పాను.

"అందుకే కావాల, మంచినీల్లిత్తే ముట్టనేదు" అంది.

ఆ తర్వాత అత్త ఒక్క ఓపీ మానలేదు. వీధిలో ఎవరు ఆస్పత్రి నుంచి వచ్చినా వాళ్ళింటికి వెళ్ళి, "బాగున్నప్పుడే మన కాళ్ళ మీద మనం ఎల్లాల" అని చెప్పి వచ్చేది. నా పెళ్ళి చేసింది. నా కూతురికి పేరు పెట్టింది. ఆ ఏళ్ళు మాకు ఎవరిచ్చారో నేను ఎవరికీ చెప్పలేదు.

పోయిన నెల చివరిసారి కలిసి వెళ్ళాం. ఓపీ హాలు కిటకిటలాడుతోంది. బెంచీ మీద అత్త పక్కన కాస్త ఖాళీ ఉంటే, నిలబడి ఆయాసపడుతున్న ఒక పెద్దాయన్ని రమ్మన్నాను. ఆయన దగ్గరికొచ్చి, ఆ ఖాళీ కేసి చూసి ఆగిపోయాడు.

"పర్లేదమ్మా, ఆవిడ్ని కూకోనీ" అని వెనక్కి తగ్గి గోడకి ఆనుకున్నాడు.

అత్త మాత్రం ఆ ఖాళీ వైపే తిరిగి, నాకు వినపడనంత నెమ్మదిగా మాట్లాడుతూనే ఉంది.