లాభంతో మొదలయ్యే లెక్క

దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రసన్నకుమార్ మాస్టారి కోచింగ్ సెంటరు మెట్ల కిందే నా జిరాక్స్ షాపు. ఆయన బోర్డుకు ఇనప చట్రం ఒకటే, ఫ్లెక్సీలు మాత్రం ఒకదాని మీద ఒకటి. అడుగున టీచర్ పోస్టుల కోచింగ్, దాని మీద స్పోకెన్ ఇంగ్లీషు, దాని మీద నర్సులకు జర్మన్, ఇప్పుడు అన్నిటికన్నా పైన ఆఫ్రికావాళ్ల స్వాహిలీ. గాలి గట్టిగా వీస్తే స్వాహిలీ లేచి జర్మన్ బయటపడుతుంది. "ఈ భాష మీకెప్పుడొచ్చింది మాస్టారూ?" అని అడిగితే, "నేర్పుతుంటే అదే వస్తుందండీ విజయశ్రీ గారూ" అన్నాడు. తెలియదు అనే మాట ఆ మనిషి నోట నేను ఈనాటి వరకూ వినలేదు.

ఆ స్వాహిలీ బ్యాచ్‌లో చేరాడు మోహన్. హయత్‌నగర్ అవతలి పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో కిరాయికి ఉంటున్నాడు. పండ్ల మార్కెట్లో బత్తాయిలు లెక్కపెట్టడం అతని పని. చేతికి అయిదేసి తీసి గంపలోకి విసురుతూ, పక్కవాడితో పరాచికాలాడుతూనే వేల కాయలు లెక్క తప్పకుండా పోసేవాడు. ఇప్పుడంతా కాంటా మీద తూకం. ఇక చేత్తో లెక్కపెట్టేవాడితో పనేముంది? ఖాళీగా ఇంట్లో కూర్చున్నాడు. టాంజానియాలో ఒక పండ్ల షెడ్డుకు లెక్క చూసే మనిషి కావాలనీ, అక్కడి కూలీలకు వాళ్ల భాషలోనే లెక్క చెప్పాలనీ, వీడియో కాల్‌లో పరీక్ష పెడతారనీ చర్చిలో ఎవరో చెప్పారట. అది తప్పితే ఇక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పనే. ఆ మాట భార్య సాధన పైకి అనదు. ఇంటర్ చదివే కూతురు అమల మాత్రం మొహం మీదే అనేస్తుంది.

చేర్చుకునేటప్పుడు మాస్టారు అడక్కుండా ఉంటాడా! "ఒక్క అమ్మాయేనా? అబ్బాయి లేడూ? అయ్యో పాపం" అన్నాడు. స్వాహిలీకీ దానికీ సంబంధమేమిటో నాకైతే అర్థం కాలేదు. ఒళ్లు మండిపోయింది.

"ఉన్నది సాలదా సార్" అని మోహన్ నవ్వేసి సంతకం పెట్టాడు.

మొదటి క్లాసులోనే తంటా వచ్చింది. మాస్టారు "మోజా, ఎంబిలి, తాతు" అంటూ ఒకటీ రెండూ మూడూ చెప్పిస్తుంటే, మోహన్ ఎంబిలి దగ్గర నుంచే అందుకుంటున్నాడు.

"మోజా ఏదయ్యా?"

"ఒకటి అనొద్దు సార్. సరుకు లెక్కవెట్టేటప్పుడు ఒకటి అంటే ఆడ్నే ఆగిపోతది. మేం లాభం అంటం. లాభం, రెండు, మూడు, గట్ల. గా భాషల లాభాన్ని ఏమంటరు?"

బ్యాచ్‌లో సగం మంది తాతలు వడ్లు కొలిచింది అలాగేనట. అందరూ తలలూపి మాస్టారి వైపు చూశారు. ఆయన ఫోన్ బల్ల కింద పెట్టుకుని వెతుక్కున్నాడు. తర్వాత ఉగ్గుపాలతో నేర్చినట్టు తలెత్తి, "ఫాయిదా" అన్నాడు.

"అరే, గిది మన ఫాయిదానే గద సార్!" అని మోహన్ ఎగిరి గంతేశాడు.

ఇక చూడండి నా అవస్థ. రోజూ పొద్దున్నే నా నెత్తి మీద "ఫాయిదా, ఎంబిలి, తాతు" అని స్లాబు అదిరేలా కోరస్. మాస్టారు మెటీరియల్‌లో మోజా కొట్టేసి ఫాయిదా రాసి జిరాక్స్‌కు తెచ్చాడు.

"మాస్టారూ, మన ఆచారం అక్కడివాళ్లకేం తెలుసు?"

"ఏ దేశమెళ్లినా వ్యాపారం వ్యాపారమేనండీ. మీరు తియ్యండి."

తీశాను. నాదేం పోయింది?

నా షాపులో వైఫై ఉందని పరీక్ష రోజు అందరూ అక్కడికే వచ్చారు. కాగితాల కట్టకు ఫోన్ ఆనించాం. తెర మీద నీమా అనే సూపర్‌వైజరమ్మ, పక్కనే మేనేజరు రవితేజ. మనవాడే. ఎదుటి జ్యూస్ బండి నుంచి బత్తాయిలు తెచ్చి పోస్తే, ఆవిడ లెక్కపెట్టమంది. మోహన్ చేతులు చకచకా ఆడాయి. "ఫాయిదా, ఎంబిలి, తాతు..."

ఆవిడ చెయ్యెత్తి ఆపింది. మళ్లీ మొదలుపెట్టమంది. మళ్లీ ఫాయిదాయే.

"ముందు ఒకటి చెప్పమంటున్నారండీ" అన్నాడు రవితేజ.

మోహన్ ముఖం పాలిపోయింది. ఎన్నడూ నోట పలకని మాట, అసలే కంగారు, ఎక్కడ గుర్తొస్తుంది? మాస్టారి వైపు తిరిగాడు. మాస్టారు నా సీలింగ్ ఫ్యాను రెక్కలు పరిశీలిస్తున్నాడు. సాధన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"డాడీ, జర ఒకటి చెప్పరాదు!" అని అమల పళ్లు కొరికింది.

ఉన్నట్టుండి రవితేజ పకపకా నవ్వాడు. "లాభమా! మా తాతయ్య ధాన్యం కొలిచేటప్పుడు అలాగే అనేవారు" అని నీమాకు ఏదో వివరించాడు. ఆవిడ నవ్వలేదు. మోహన్ వేళ్ల వంకే కాసేపు చూసి, నెమ్మదిగా "వాతోతో వంగాపి?" అంది. పిల్లలెంతమంది అని. అది మాస్టారు నేర్పిన ప్రశ్నే.

కంగారులో మోహన్ నోటికి వచ్చింది ఒకటే మాట. "ఫాయిదా" అన్నాడు.



"లాభమంటే అబ్బాయాండీ?" అన్నాడు రవితేజ.

"బిడ్డ సార్" అని మోహన్ అమల భుజం పట్టుకుని ముందుకు లాక్కొచ్చి చూపించాడు.

నీమా చాలాసేపు మాట్లాడింది. రవితేజ చెప్పాడు. "ఆవిడకూ ఒక్కతే కూతురటండీ. ఒక్కతేనా, ఒక్కతేనా అని అడిగి జనం ప్రాణం తీస్తారట. ఇకమీదట తనూ ఇదే జవాబు చెబుతానంటున్నారు. లెక్క చూడ్డానికి ఆ చేతులు చాలట. మోజా ఇక్కడికొచ్చాక నేర్చుకుందురుగాని. మీరు పాస్‌పోర్ట్ పని చూసుకోండి."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అమల బత్తాయిలన్నీ ఏరి, బండికి తిరిగి ఇచ్చి వస్తానని వెళ్లిపోయింది. చాలాసేపటికి గానీ రాలేదు.

వారం తిరక్కుండా చట్రం మీద కొత్త ఫ్లెక్సీ లేచింది. మాస్టారి ముఖం గుమ్మడికాయంత, మూలన మోహన్ ముఖం నిమ్మకాయంత. చేరదామని వచ్చిన ఒకాయన కిందే నిలబడి దాన్ని ఎగాదిగా చూశాడు. "ఇంత పెద్ద బ్యాచ్‌ల ఒక్కనికేనా సార్ ఉద్యోగమొచ్చింది?" అన్నాడు.

మాస్టారు తడుముకోలేదు. "తప్పు, తప్పు! ఒకటి అనకూడదండీ. లాభం అనాలి."

ఆయన అక్కడికక్కడే చేరిపోయాడు.