కారు ఆగితే కారణం పద్మ

నా మేధస్సు పుణ్యమా అని ఒక చక్కని కాపురం పట్టపగలు, నడిరోడ్డు మీద ఎలా నిలిచిపోబోయిందో చెబుతాను. నిస్సంకోచంగా నవ్వండి. మా ఇంట్లో అందరూ నవ్వడం ఎప్పుడో అయిపోయింది.

నాలుగేళ్ల కిందటి మాట. తణుకు నుంచి వచ్చి మేడ్చల్‌లో స్థిరపడ్డ కొత్త. మా ఆవిడ పద్మకు శామీర్‌పేటలో టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. బడి వేళకు బస్సు లేదు. అప్పుడే లైసెన్సు తెచ్చుకుంది కాబట్టి మా కొత్త కారు తనే నడుపుకుంటూ వెళ్లాలని ఆమె ఆశ. కారుకు మాత్రం ఒక జబ్బు. రోడ్డు మీద బాగానే పరుగెత్తేది. వేగం తగ్గించి ఆపబోతే చాలు, ఒక్కసారి వణికి ఇంజను ఆగిపోయేది.

"మెకానిక్‌కి చూపిద్దామండీ" అంది పద్మ.

"నేనుండగా మెకానిక్కా?" అన్నాను. జీడిమెట్లలో మందుల డబ్బాల మీద లేబుళ్లు సరిచూడటం నా ఉద్యోగం. అయినా ఫోన్లో పదకొండు వీడియోలు చూశాను, ఇంకేం కావాలి? పెట్రోలు బంకు మార్చాను. ఎయిర్ ఫిల్టర్ మార్చాను. ఇంజనులోకి గాలి వెళ్లే దారిని స్ప్రే కొట్టి తోమాను. ఒక డైరీ కూడా పెట్టాను. నేను నడిపినప్పుడు ఆగితే, కారణం: పెట్రోలు. పద్మ నడిపినప్పుడు ఆగితే, కారణం: పద్మ.

ఆదివారం ఆమెను పక్కన కూర్చుని పరీక్షించాను. గండిమైసమ్మ చౌరస్తా దగ్గర బ్రేకు వేసింది. కారు టపీమని ఆగిపోయింది.

"చూశావా? క్లచ్ పూర్తిగా తొక్కవు!"

"అడుగు దాకా తొక్కానండీ."

"తొక్కితే ఎందుకాగుతుంది?"

"నిన్న మీ చేతిలో మూడుసార్లు ఆగింది. మీరూ తొక్కలేదా?"

"అది పెట్రోలు దోషం."

"ఇప్పుడున్నదీ ఆ పెట్రోలేగా?"

జవాబు లేనప్పుడు మగవాడు ఏం చేస్తాడో మీకు తెలుసు. గొంతు పెంచాను. "రేపు నువ్వు కారు తీయడం లేదు. ఉద్యోగానికి రాలేనని ఫోన్ చేసెయ్!"

పద్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ వాక్యం రాస్తుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తోంది. ఆమె కళ్లు తుడుచుకుంది. కారు స్టార్ట్ చేసి నేరుగా సూరారంలోని మెకానిక్ యాదగిరి షెడ్డుకు పోనిచ్చింది. దారిలో ఇంకో రెండుసార్లు ఆగింది. నేను డైరీ తీయలేదు, అంత మాత్రం ఇంగితం ఉంది.

యాదగిరి కనీసం బానెట్ తెరవలేదు. సీట్లో కూర్చుని క్లచ్ తొక్కి, కిందికి వంగి చూశాడు.

"ఏంది సార్ గిది? కారా, ఫంక్షన్ హాలా? గిన్ని పట్టాలు ఎవలు పరిచిండ్రు?"

ఒక్కొక్కటే బయటికి లాగాడు. రబ్బరు మ్యాటు. దాని కింద పాత గోనెపట్టా. దాని కింద మడతలు పెట్టిన దుప్పటి. దాని కింద షోరూమ్ వాళ్ల మ్యాటు, ప్లాస్టిక్ కవరుతో సహా.

"వానలు మొదలయ్యాక ఈయనే పరిచారు, బురద అంటకూడదని" అంది పద్మ.

"ఇగ క్లచ్ కిందికి యాడికి పోతది? సగంల్నే ఆగుతాంది. గేర్ల ఉన్న బండిని ఆపితే ఇంజన్ బంద్ కాకుంటె ఏమైతది? అమ్మ మంచిగనే తొక్కుతాంది సార్. ఉత్తగ పరేషాన్ చేసినవ్."

నేను ఆకాశంకేసి చూశాను. అక్కడేమీ లేదు.

తిరుగు ప్రయాణంలో పద్మ ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కారు ఆపి చూసుకుంది. ఒక్కసారి కూడా ఇంజను ఆగలేదు. సోమవారం తనే శామీర్‌పేట వెళ్లింది. ఇప్పటికీ వెళ్తోంది.

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై కారు ఆగినా, మిక్సీ ఆగినా, మోటారు ఆగినా ముందు నా చేతిపనినే అనుమానిస్తాను. పద్మను చివర్లో కూడా అనుమానించను. ఈ ప్రమాణాన్ని పద్మకు చూపించాను. టీచరు కదా, రెండు అక్షరదోషాలు దిద్ది, పదిసార్లు రాసుకుని రమ్మంది.