హస్నియత్త మోకాళ్ళూ మా జిగురూ

మా గ్రాబొవిక క్లబ్బు ఐదు దేశాల హ్యాండ్‌బాల్ లీగ్‌లో చేరిన రోజున ఊరంతా సంబరపడితే, హాలు తుడిచే హస్నియత్త మాత్రం శాపనార్థాలు పెట్టింది. ఆవిడ కోపమంతా జిగురు మీద. బంతి పట్టు తప్పకూడదని ఆటగాళ్ళు వేళ్ళకు జిగురు రాసుకుంటారు. బూటు మడమకు ఇంకో ముద్ద అంటించుకుని, ఆట మధ్యలో అందులో వేళ్ళు అద్దుకుంటారు. అది నేలకూ గోల్ స్తంభాలకూ తలుపులకూ అంటుకుంటే నీళ్ళకు లొంగదు. ఊరి లీగ్‌లో ఆడినన్నాళ్ళూ, బడిపిల్లలు ఆడుకునే హాలని మునిసిపాలిటీ జిగురు వాడనివ్వలేదు. పెద్ద లీగ్ వాళ్ళు అది లేకుండా ఆడరు కనుక ఈ ఏడాది ఒప్పుకుంది.

దాంతో అరవై ఒక్కేళ్ళ హస్నియత్త పొద్దుతిరుగుడు నూనె సీసా, పాత తువాలు పట్టుకుని రోజూ మోకాళ్ళ మీద పాకవలసి వచ్చింది. మేం లీగ్‌లో ఆఖరి స్థానంలో మిగిలితే తిరిగి ఊరి లీగ్‌కే పోతాం, జిగురూ పోతుంది. ఆవిడ కోరుకున్నది అదే. దాచుకోలేదు కూడా. మేం స్లొవేనియాకు బస్సెక్కితే అందరి తల్లులూ శుభమని మా వెనక మంచినీళ్ళు ఒలకబోసేవారు. ఆవిడ తుడుపు బకెట్ తెచ్చి బోర్లించేది.

ఆవిడ జిగురు వేలిముద్రలు చూసి మనిషెవరో చెప్పేది. కాఫీ గది తలుపు మీది మరక మా ఆటగాడు ఎడెమ్‌దని, వాడి ఉంగరపు వేలు వంకరని, వాణ్ణి పిలిచి మరీ తుడిపించింది. నేనొక్కణ్ణే ఆవిడకు ముద్దు. నేను గోల్‌కీపర్ని, గోల్‌కీపర్లు జిగురు రాసుకోరు. జట్టులో శుభ్రమైన చేతులు మిర్నెస్ ఒక్కడివే అని ఊరంతా చెప్పి, ఆ వంకన నాకు ఆకుకూర కూరి కాల్చిన పితా ముక్క ఎక్కువ పెట్టేది.

వసంతం వచ్చేసరికి మేం కింది నుంచి రెండో స్థానంలో ఊగిసలాడుతున్నాం. ఆఖరి ఆట మా హాల్లోనే, సముద్రతీరపు క్రొయేషియా జట్టుతో. గెలిస్తే ఉంటాం, లేకపోతే లేదు. ముందురోజు మధ్యాహ్నం వాళ్ళు సాధన చేసుకుని వెళ్ళిపోయారు. దుయె అనే ఎడమచేతి వాటం వాడు ఒక్కడే మిగిలి, ఒకే గోల్‌లోకి పెనాల్టీలు విసురుకున్నాడు. వాడు కదిలేదాకా హస్నియత్త బకెట్ మీద కూర్చుని మేజోడు అల్లుకుంది.

మర్నాటి ఆటలో మేం ఒక్క గోల్ ముందున్నాం. సమయం అయిపోవచ్చింది. సరిగ్గా ఆఖరి క్షణంలో ఎడెమ్ ఎవరినో లాగాడు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. విసరబోయేది దుయె. అది గోలైతే ఆట సమానం, మేం కిందికి. నా కాళ్ళ ముందు నేల చెమటతో తడిసి ఉంటే చెయ్యెత్తాను. ఆటల్లో నేల తుడిచేదీ ఆవిడే గనక కర్ర పట్టుకుని తాపీగా వచ్చింది.

తుడుస్తూ తల ఎత్తకుండా సణిగింది. "నిన్న ఈ మూల నుంచి లేవలేక చచ్చాన్రా. ఇరవై మరకలు, అన్నీ ఒక్కచోటే. మిగతా నేలంతా అద్దంలా ఉంది."

అంటూ నా ఎడమకాలి పక్కన, గోల్ గీతకు జానెడు ఇవతల, కర్రతో రెండుసార్లు నొక్కి తుడిచింది. అక్కడ తడే లేదు.

ఆ మరకలు నిన్న దుయె విసిరిన బంతివనీ, దాన్ని అక్కడ నేలకు కొట్టి లోపలికి ఎగరేయడం వాడి అలవాటనీ అప్పుడు నాకు తెలిసింది. వాడు చెయ్యెత్తి నా కుడివైపు విసరబోయినట్టు నటించాడు. నేను కదల్లేదు. బంతి వాడి వేళ్ళు వదలగానే ఎడమకు పడ్డాను. అది నేలకు తగిలి లేచి నా చెంపకు ఫెడీమని కొట్టుకుని బయటికి పోయింది.

తర్వాత ఎవరు ఎవరి మీద పడ్డారో తెలియదు. గుంపులోంచి నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయి బల్ల మీద కూర్చోబెట్టింది హస్నియత్తే. చెంప మీద అణా అంత నల్లటి జిగురు ముద్ద. తువాలు నూనెలో ముంచి నేలను రుద్దినట్టే రుద్దింది.

"ఏడాదంతా నువ్వొక్కడివే శుభ్రం అనుకున్నా. నువ్వూ అంటించుకొచ్చావు."

"ఎందుకు చెప్పావత్తా? ఓడితే నీ మోకాళ్ళకు సుఖం కదా" అన్నాను.

ఆవిడ మరక పోయిందో లేదో వేలితో తడిమి చూసుకుంది.

"కదలకు. రేపు మేనేజర్‌తో చెప్పు, వచ్చే ఏడాదికి నూనె ఎక్కువ తెప్పించమను. ఇది చాల్లేదు."